కెప్టెన్ అబ్రహాం లింకన్ (1744–1786)

వర్జీనియా మిలీషియా అధికారి, కెంటకీకి తొలినాళ్లలో వలస వెళ్లిన రైతు. అమెరికా 16వ అధ్యక్షుడు అబ్రహాం లింకన్‌కు తండ్రి వైపు తాత. పెన్సిల్వేనియాలోని బెర్క్స్ కౌంటీలో 1744 మే 13న పుట్టాడు. తండ్రి జాన్ లింకన్ 1768 ప్రాంతంలో కుటుంబంతో వర్జీనియాలోని షెనండోవా లోయకు తరలి, లిన్‌విల్ క్రీక్ ఒడ్డున స్థిరపడ్డాడు. 1773లో తండ్రి రాసిచ్చిన 210 ఎకరాల్లో అబ్రహాం సొంత సేద్యానికి దిగాడు.

స్వాతంత్ర్య యుద్ధ కాలంలో ఇతడు మిలీషియాలో, అంటే పిలుపు వచ్చినప్పుడు నాగలి వదిలి తుపాకీ పట్టే రైతుల దళంలో కెప్టెన్. 1778లో జనరల్ మెకింటాష్ నడిపిన పశ్చిమ దండయాత్రలో పాల్గొన్నట్టు చెబుతారు.

భార్య విషయంలో భిన్నాభిప్రాయాలున్నాయి. పాత జీవితచరిత్రలు మేరీ షిప్లీ అన్నాయి. ఆమె మొదటి భార్య అని సర్దుబాటు చేసినవారూ ఉన్నారు. 1780 నాటి భూమి అమ్మకపు దస్తావేజులో మాత్రం భార్యగా బాత్‌షీబా పేరుంది. ఆమె హెరింగ్ ఇంటి ఆడపడుచు అన్న మాటే ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నది. సంతానం మోర్డెకై, జోసయా, మేరీ, థామస్, నాన్సీ.

ఆ ఏడాదే లిన్‌విల్ పొలం అమ్మి, కెంటకీలో భూమి హక్కుపత్రాలు కొన్నాడు. అప్పటి ధర 100 ఎకరాలకు 40 పౌండ్లు. విలువ పడిపోయిన కాగితపు డబ్బుతో అది చవక బేరమే. లాంగ్ రన్ వాగు దగ్గర 400 ఎకరాలు, గ్రీన్ నది ప్రాంతంలో 800 ఎకరాలు ఇతని పేరిట నమోదయ్యాయి. అది షానీ, చెరోకీ తెగలు తరతరాలుగా వేటాడుకున్న నేల. కుటుంబం 1782 ప్రాంతంలో అక్కడికి చేరి హ్యూస్ స్టేషన్ కోట సమీపంలో కాపురం పెట్టింది.

ముగ్గురు కొడుకులతో పొలంలో పని చేస్తుండగా అడవి అంచు నుంచి వచ్చిన తుపాకీ గుండుకు అబ్రహాం కూలిపోయాడు. జోసయా సాయం కోసం కోటకు పరుగెత్తాడు. పెద్దవాడు మోర్డెకై ఇంట్లోకి దూరి తుపాకీ అందుకున్నాడు. తండ్రి శవం పక్కనే ఉండిపోయిన చిన్నవాడు థామస్‌ను సమీపించిన ఆదివాసీ యోధుణ్ణి గురిచూసి కాల్చాడు. ఇది ఇంటివాళ్ల నోట నిలిచిన కథనం. చిన్న వివరాలు చెప్పేవారిని బట్టి మారుతుంటాయి.

మనవడు తన స్వీయపరిచయంలో ఈ హత్యను 1784 ప్రాంతానికి చెందినదిగా రాశాడు. కానీ 1785 మేలో లాంగ్ రన్ భూమి కొలిచిన సర్వే పత్రంలో హద్దుల గుర్తులు పెట్టినవాడిగా అబ్రహాం పేరు, లింక్‌హార్న్ అన్న వర్ణక్రమంతో, కనిపిస్తుంది. కుటుంబ జ్ఞాపకం కన్నా ఆ పత్రమే గట్టి సాక్ష్యం. అందుకే 1786 మే అన్న తేదీ నిలబడుతుంది. సమాధి లాంగ్ రన్ బాప్టిస్టు చర్చి ఆవరణలో ఉందన్నది స్థానికుల నమ్మకం.

వీలునామా లేదు. పెద్ద కొడుకుకే భూమి దక్కే పాత వారసత్వ చట్టాన్ని వర్జీనియా రద్దు చేసినా, కొత్త చట్టం 1787 జనవరి 1 నుంచి గానీ అమలులోకి రాలేదు. కెంటకీ అప్పటికింకా వర్జీనియాలో భాగమే. కొద్ది నెలల తేడాతో భూమంతా మోర్డెకైకి దక్కింది. బాత్‌షీబా పిల్లలతో వాషింగ్టన్ కౌంటీ ప్రాంతానికి వెళ్లింది. ఎనిమిదేళ్ల థామస్ చదువుకు నోచుకోక, ఊరూరా కూలి చేసుకుంటూ పెరిగాడు. అధ్యక్షుడి బాల్యంలోని పేదరికానికి మూలం వెతికేవారు ఈ వారసత్వాన్ని దాటిపోలేరు.