ఆకాశాన్ని ఇంటిలోనికి పిలిచిన వాస్తుశిల్పి

జూన్ మొదలు ఆగస్టు చివరి వరకు, పగలు 11 గంటల నుండి సాయంత్రం 4 గంటల వరకు ఆరుబయట ఎండలో పని చేయించరాదని కువైట్ ప్రభుత్వ నియమం. ఆ వేళ సబ్హాన్ గోదాముల నీడన కూర్చున్న శ్రామికులను చూచినప్పుడెల్లా, సికింద్రాబాదులో జన్మించిన ఒక వాస్తుశిల్పి మాకు జ్ఞప్తికి వస్తారు.

చార్లెస్ కొరియా 1930 సెప్టెంబరు 1వ తేదీన, గోవా మూలాలు గల కుటుంబంలో జన్మించారు. అమెరికాలో విద్య ముగించుకొని, 1958లో బొంబాయిలో స్వంత కార్యాలయం నెలకొల్పారు. సబర్మతి ఆశ్రమంలో ఆయన రూపొందించిన గాంధీ స్మారక సంగ్రహాలయాన్ని 1963లో నెహ్రూ ప్రారంభించారు. ఇటుక స్తంభాలు, పెంకుల కప్పు, నడుమ నీటి కొలను. అంతకు మించిన ఆడంబరం అందులో లేదు.

ఎండ దేశంలో ఇల్లు ఎండ నెరిగి ఉండాలన్నది ఆయన సిద్ధాంతం. 1960ల ఆరంభంలో అహ్మదాబాదులో కట్టిన ‘ట్యూబ్ హౌస్’ అనే సన్నని ఇంటిలో, వేడిగాలి ఏటవాలు కప్పు వెంట పైకెక్కి శిఖరాన ఉన్న సందు గుండా వెలుపలికి పోయేది. చల్లని గాలి క్రింది నుండి లోనికి వచ్చేది. యంత్రంతో పని ఉండేది కాదు. మన మండువా లోగిళ్ళు ఎరిగిన ధర్మమే ఇది. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. కార్యాలయ భవనానికి కూడా ఆయనే రూపకర్త.

అయితే మా మనస్సును మిక్కిలి తాకినది నవీ ముంబయిలోని బేలాపూర్ గృహ సముదాయం. 1980లలో, స్వల్పాదాయం గలవారిని కూడా దృష్టిలో ఉంచుకొని, ఏడేసి ఇండ్లను ఒక్కొక్క ముంగిలి చుట్టూ అమర్చారు. ప్రతి ఇంటికి తనదైన ఆరుబయలు ఉన్నది. ఏ ఇంటి గోడా పొరుగింటి గోడతో కలియదు. అందుచేత సంసారం పెరిగినప్పుడు, పొరుగువారిని కదిలించకుండా మరొక గది వేసుకోవచ్చు. పిమ్మట అనేకులు అట్లే పెంచుకొన్నారు.

మా ముత్తాతలు చెరకు తోటల కూలి లైన్లలో జీవించారు. అక్కడ ఒక గోడకు ఇరువైపులా రెండు సంసారాలు. బిడ్డలు పెరిగినా గది పెరిగేది కాదు. పేదవాని ఇల్లు కూడా పెరగవలెనని తలచిన మనిషి విలువ మాకు అందువలననే తెలుసు.

1984లో బ్రిటిష్ వాస్తుశిల్పుల సంస్థ స్వర్ణ పతకం, 2006లో పద్మవిభూషణ్ ఆయనను వరించాయి. 2015 జూన్ 16న ముంబయిలో కన్నుమూశారు. ఈ వేసవిలో పిల్లలచేత ఒక ఇంటి బొమ్మ గీయించండి. అందులో ఆకాశానికి చోటెక్కడ అని అడగండి. ఆ ఇల్లు కట్టే కూలివాని ఇంటిలో చోటెంత అని కూడా అడగండి.