పట్టిన బ్రేకు విడువకపోతే

మూసిన పాత్రలోని ద్రవంపై ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిక్కులకు సమానంగా వ్యాపిస్తుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ నిరూపించినాడు. ఆయన గ్రంథం మరణానంతరం 1663లో అచ్చయినది. ఈ సూత్రంతోనే 1795లో ఇంగ్లండులో బ్రామా నీటి పీడనంతో పనిచేసే ప్రెస్సుకు పేటెంటు పొందినాడు.

మోటారు బండ్లకు మాత్రం చాలాకాలం కడ్డీలు, తీగలే ఆధారమైనవి. అవి చక్రాలన్నిటినీ సమానంగా లాగలేవు. ఒక చక్రం ముందుగా పట్టితే బండి పక్కకు ఈడ్చుకొనిపోయేది. 1917లో అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ ద్రవంతో పనిచేసే బ్రేకుకు పేటెంటు పొందినాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఈ బ్రేకులు వచ్చినవి. తొలి తోలు బిళ్ళల నుండి ద్రవం కారేది. 1924 నాటి క్రైస్లర్ కారులో రబ్బరు బిళ్ళలు వాడినారు. ఖనిజ తైలం తగిలితే సహజ రబ్బరు ఉబ్బుతుంది. అందుచేత ఆనాటి బ్రేకు ద్రవాలలో ఆల్కహాలుతో పాటు మన ఆముదం చేరినది.

మాస్టర్ సిలిండరులో ఒక సన్నని రంధ్రం ఉంటుంది. పెడలుపై కాలు తీయగానే వేడికి వ్యాకోచించిన ద్రవం దాని గుండా తిరిగి తొట్టిలోకి పోతుంది. మురికి వల్లగాని, ఉబ్బిన రబ్బరు వల్లగాని అది మూసుకొంటే పీడనం లోపలే నిలిచిపోతుంది. బ్రేకు రాసుకొని డ్రమ్ము వేడెక్కుతుంది. ఆ వేడికి ద్రవం మరింత వ్యాకోచించి బ్రేకును ఇంకా బిగిస్తుంది. చివరకు ద్రవం మరిగి ఆవిరైతే, పెడలు తొక్కినా బ్రేకు పడదు. బరువుతో ఘాటు దిగే లారీకి ఇది ప్రాణాపాయం.

పాత లారీలో తప్పు ఎక్కడున్నదో పాస్కల్ సూత్రమే చెబుతుంది. లారీ కదలకుండా చక్రాలకు అడ్డు పెట్టి, బ్రేకు పట్టి ఉండగానే మాస్టర్ సిలిండరు వద్ద గొట్టం మర వదులు చేయాలి. చక్రాలన్నీ తిరిగితే లోపం సిలిండరులోనో, పెడలు కడ్డీలోనో ఉన్నది. ఒక్క చక్రమే తిరగకపోతే, దాని వద్ద గాలి తీసే మరను విప్పాలి. ద్రవం చిమ్మి చక్రం తిరిగితే నడుమనున్న రబ్బరు గొట్టం లోపల పూడినది. అప్పటికీ తిరగకపోతే తుప్పుపట్టిన పిస్టనునో, తెగిన స్ప్రింగునో వెదకాలి. గాలి బ్రేకుల లారీలకు ఈ పరీక్ష పనికిరాదు.

తరగతిలో నీటితో నింపిన రెండు సిరంజిలను సన్నని గొట్టంతో కలిపి, ఒకదానిని నొక్కి, గొట్టాన్ని మడిచి చూపవచ్చును. నొక్కిన చేయి తీసినా రెండవ పిస్టను వెనుకకు రాదు. పట్టిన బ్రేకు విడువకపోవడం సరిగ్గా ఇదే.