తిమింగలం నాడి చూసిన డ్రోన్

నూరేళ్ల కిందట తిమింగలం ఆరోగ్యం తెలుసుకోవాలంటే ముందు దాన్ని చంపాలి. 1925లో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు దక్షిణ జార్జియా దీవిలో, గ్రిట్‌వికెన్ వేట కేంద్రం దగ్గరే ప్రయోగశాల పెట్టుకున్నది అందుకే. హార్పూన్ దెబ్బకు చచ్చిన నీలి తిమింగలాలనూ ఫిన్ తిమింగలాలనూ కొవ్వు ఒలిచే చోటికి లాగగానే వాళ్లు టేపులతో సిద్ధంగా ఉండేవారు. పొడవెంత, తోలు కింద కొవ్వు మందమెంత, కడుపులో ఏముంది, అండాశయాల మీద పాత గర్భాల మచ్చలెన్ని అని రాసుకునేవారు. ‘డిస్కవరీ’ పరిశోధనలుగా పేరుపడ్డ ఆ పని గట్టి శాస్త్రమే. ఈనాటికీ ఆ కొలతలు పనికొస్తున్నాయి. కానీ ఒకే తిమింగలాన్ని రెండోసారి కొలిచే వీలు అందులో లేదు. ఏటేటా చిక్కిపోతోందా, జబ్బుపడి కోలుకుందా అన్న ప్రశ్నలకు అక్కడ చోటే లేదు.

1970లలో దారి మారింది. అర్జెంటీనాలోని వాల్దెస్ ద్వీపకల్పం దగ్గర రోజర్ పేన్ రైట్ తిమింగలాలను తల మీది గరుకు మచ్చలను బట్టి, కెనడా పశ్చిమ తీరంలో మైకేల్ బిగ్ ఓర్కాలను (కిల్లర్ తిమింగలాలను) వీపు రెక్కనూ దాని వెనకాల ఉండే బూడిదరంగు మచ్చనూ బట్టి ఒక్కొక్కదాన్నీ విడిగా గుర్తుపట్టసాగారు. ఏ పిల్ల ఏ తల్లిదో, ఈ ఏడు ఎవరు రాలేదో తెలిసింది. అయితే పడవలోంచి చూసేవాడికి కనిపించేది వీపూ రెక్కా మాత్రమే. ఒళ్లు చేసిందో చిక్కిందో తేలాలంటే పైనుంచి చూడాలి. అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవాలో పనిచేసిన వేన్ పెరీమన్, మోర్గాన్ లిన్ ఆ పని విమానంలోంచి చేశారు. వలసపోయే గ్రే తిమింగలాల వెడల్పు దక్షిణానికి వెళ్లేటప్పుడు ఎంత, నెలల తరబడి దాదాపు పస్తుండి ఉత్తరానికి తిరిగొచ్చేటప్పుడు ఎంత అని ఫొటోల మీద కొలిచి 2002లో ప్రచురించారు. 2008లో వాషింగ్టన్ తీరపు ఓర్కాలను హెలికాప్టర్ నుంచి కొలిచారు. ఖర్చు ఎక్కువ, మోత ఎక్కువ. అందుకే వందల మీటర్ల ఎత్తులోనే తిరగాల్సి వచ్చేది.

డ్రోన్ రంగప్రవేశం మాత్రం నవ్వులతోనే జరిగింది. కరీనా అసెవెడో-వైట్‌హౌస్ బృందం రిమోట్‌తో నడిచే చిన్న హెలికాప్టర్‌కు ప్రయోగశాల గాజు పళ్లేలు కట్టి, తిమింగలం ఊపిరి చిమ్మేచోట ఎగరేసి, పడ్డ తుంపరలో సూక్ష్మక్రిములను వెతికింది. తిమింగలం చీమిడి పట్టే పద్ధతి కనిపెట్టినందుకు 2010లో ఆ బృందానికి, నవ్వు పుట్టించే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. తర్వాత మరికొందరు అదే బాట పట్టారు. 2015లో ఓషన్ అలయన్స్ సంస్థ ‘స్నాట్‌బాట్’ పేరుతో జనం నుంచి చందాలు పోగుచేసింది. 2017లో ఎమీ అప్రిల్ బృందం కేప్ కాడ్, వాంకూవర్ దీవి దగ్గర 26 హంప్‌బ్యాక్ తిమింగలాల ఊపిరి తుంపర సేకరించి, వాటన్నిటిలోనూ ఉమ్మడిగా ఉండే బ్యాక్టీరియా ఏవో చూపించింది. ఆరోగ్యంగా ఉన్న ఊపిరి ఎలా ఉంటుందో తెలిస్తేనే కదా రోగపు ఊపిరి తెలిసేది! అదే ఏడు సిడ్నీలో వెనెసా పిరోటా బృందం మూత తెరుచుకుని మూసుకునే పళ్లెంతో సొంత డ్రోన్ తయారుచేసుకుంది. తుంపరలో గాలిలోంచీ సముద్రంలోంచీ వచ్చే క్రిములు కలవకూడదు మరి.

పత్రికలకు ఊపిరి తుంపర ముద్దు. నా లెక్కలో అసలు మలుపు 2014 ఆగస్టుది. వాంకూవర్ దీవి తీరంలో నోవా, వాంకూవర్ అక్వేరియం శాస్త్రజ్ఞులు జాన్ డర్బన్, హాలీ ఫెర్న్‌బాక్, లాన్స్ బారెట్-లెనార్డ్ ఆరు రెక్కల చిన్న డ్రోన్‌ను పడవ మీంచి లేపి, ఓర్కాల నెత్తిన నిలిపి ఫొటోలు తీశారు. ఓర్కాలు పెద్దగా పట్టించుకోలేదు. ఫొటోను కొలతగా మార్చేది ఎత్తు. డ్రోన్ ఎంత ఎత్తులో ఉందన్న లెక్క నూటికి 5 వంతులు తప్పితే, 15 మీటర్ల తిమింగలం పొడవు 75 సెంటీమీటర్లు తప్పుతుంది. చిక్కిపోవడం పసిగట్టాలంటే అంత తేడా పనికిరాదు. గాలి ఒత్తిడితో ఎత్తు చెప్పే మీటరుకు బదులు లేజర్‌తో కొలిచే తేలికపాటి పరికరాన్ని న్యూజిలాండ్ శాస్త్రజ్ఞుడు స్టీవ్ డాసన్ బృందం డ్రోన్‌కు అమర్చి, 2017లో ఆ పద్ధతిని వివరించింది. ఈ కథలో ఎగరడం కన్నా ఎత్తు తెలియడమే పెద్ద సంగతి.

ఓర్కాలలో మరో కొండగుర్తు దొరికింది. కంటికి కాస్త పైన, వెనగ్గా తెల్లటి మచ్చ ఉంటుంది. ఒళ్లున్న ఓర్కాను పైనుంచి చూస్తే రెండు మచ్చలూ తల వెనక దూరం దూరంగా ఉంటాయి. కొవ్వు కరిగితే మెడ దగ్గర నొక్కుపడి లోపలికి వంగుతాయి. 2008 నుంచి 2019 దాకా తీసిన వాషింగ్టన్ తీరపు ఓర్కాల ఫొటోలను ఇలా పరిశీలించిన అధ్యయనం 2021లో వచ్చింది. బాగా చిక్కిన ఓర్కాలు చనిపోయే అవకాశం రెండు మూడింతలు ఎక్కువని తేలింది. కొన్ని గుంపుల ఒళ్లు, అవి తినే చినూక్ సాల్మన్ చేపల రాకతో పాటే పెరుగుతూ తరుగుతూ ఉంది.

ఇలాంటి ఫొటోల వల్లే 2018 వేసవిలో ఆ ఓర్కాల్లో జె50 అనే మూడున్నరేళ్ల ఆడ పిల్ల ఎంత చిక్కిందో అందరికీ తెలుసు. ఫొటోల్లో కనిపిస్తూనే ఉంది. పశువైద్యులు దూరం నుంచి సూదితో యాంటీబయోటిక్ వేశారు. లమ్మీ ఆదివాసుల పడవ దాని ముందు బతికున్న సాల్మన్‌ను వదిలింది. సెప్టెంబరులో ఆ పిల్ల కనిపించకుండా పోయింది. రోగ నిర్ధారణలో ఇంత దూరం వచ్చాక కూడా చికిత్స చేతిలో లేదని అప్పుడు తేటతెల్లమైంది. అదే వేసవి చచ్చిన బిడ్డను 17 రోజులు మోసిన జె35 అనే తల్లి ఓర్కా మళ్లీ చూలుతో ఉందని 2020 జులైలో డ్రోన్ ఫొటోలే చెప్పాయి. సెప్టెంబరులో మగపిల్ల పుట్టింది.

మరోపక్క ఫ్రెడ్రిక్ క్రిస్టియన్సెన్ బృందం 2019లో వాల్దెస్ దగ్గరి రైట్ తిమింగలాల పొడవు, వెడల్పు, ఎత్తు డ్రోన్ ఫొటోల నుంచి తీసి, ఒడ్డుకు చేర్చకుండానే బరువు కట్టింది. ఆ లెక్క సరిచూసుకోవడానికి ఎప్పుడో జపాన్ వాళ్లు వేటాడి తూచిన రైట్ తిమింగలాల కొలతలే ఆధారం. బతికున్నవాటికి తూకపు రాళ్లు చచ్చినవే అయ్యాయి. 2021లో విమానం, డ్రోన్ ఫొటోలు కలిపి చూస్తే, ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలాలలో ఇప్పుడు పుట్టేవి 1980ల నాటివాటికన్నా సుమారు మీటరు పొట్టిగా ఎదుగుతున్నట్టు తేలింది. చేపల వలల, పీతల బోనుల తాళ్లు ఒంటికి చుట్టుకుని, వాటిని ఈడ్చుకుంటూ ఈదడానికే శక్తంతా పోవడం అందుకు ఒక కారణం. సీల్స్‌కు కూడా ఈ కొలతలు పాకాయి. అంటార్కిటికాలో మత్తుమందిచ్చి తూచాల్సిన లెపర్డ్ సీల్‌ను మంచు మీద పడుకుని ఉండగానే ఫొటోతో తూచగలిగారు.

కొలతలు ఊరికే పోలేదు. 2021లో జె గుంపులో కొన్ని ఆడ ఓర్కాలు చూలుతో ఉన్నాయని డ్రోన్ ఫొటోలు చూపించాక, వాషింగ్టన్ రాష్ట్రం వాటిని చూపించే యాత్రా పడవలను దూరంగా ఉండమని అత్యవసర ఉత్తర్వు ఇచ్చింది. చప్పుడు తగ్గితే వేట సాగుతుందని వాళ్ల లెక్క, ఎందుకంటే ఓర్కా చేపను వెతికేది చెవితోనే. 2025 జనవరి 1 నుంచి అక్కడ ఏ పడవైనా ఆ ఓర్కాలకు వెయ్యి గజాల దూరం పాటించాలి.