మండూరం నుంచి సిమెంటు దాకా: భిలాయి లోహమలం కథ

ఇనుము కరిగించిన ప్రతిచోటా చిట్టెం మిగులుతుంది. ఆయుర్వేదం దానిని మండూరమని పిలిచి ఔషధంగా స్వీకరించింది. నూరేళ్ళు నిండిన మండూరం శ్రేష్ఠమనీ, ఎనభై ఏళ్ళది మధ్యమమనీ, అరవై ఏళ్ళది అధమమనీ వైద్యగ్రంథాలు తరతమభేదం చెప్పాయి. ఛత్తీస్‌గఢ్ అడవులలో అగరియాలు, తెలంగాణలో కోనసముద్రం ఉక్కు పనివారు వదిలిన చిట్టెంలో వైద్యుడు తీసుకుపోయినది బహుస్వల్పం. మిగిలినది మట్టిలో కలిసిపోయింది. కొలుములు చిన్నవి కనుక నేల దానిని భరించింది.

భిలాయిలో ఆ వీలు లేకపోయింది. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. దల్లీ-రాజహరా నుంచి ఖనిజం, నందిని నుంచి సున్నపురాయి వచ్చేవి. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలెన్నో ఆ సెక్టార్లలో స్థిరపడ్డాయి. ఏటా పది లక్షల టన్నుల ఉక్కు తొలి లక్ష్యం. మన ఖనిజంలో అల్యూమినా, మన బొగ్గులో బూడిద హెచ్చు గనుక ప్రతి టన్ను ఇనుముతోపాటు వందల కిలోల లోహమలం వెలువడుతుంది. ఉక్కు నగరానికి తొలినాటి నుంచీ ఇంకొక గుట్ట పెరుగుతూ వచ్చిందన్నమాట.

లోహమలం గుణమంతా అది చల్లారే తీరులో ఉన్నది. మెల్లగా చల్లారితే స్ఫటికీకరించి ఉత్త రాయి అవుతుంది. ధారగా దిగుతున్నప్పుడే నీటితో హఠాత్తుగా చల్లార్చితే గాజువంటి రేణువులుగా మారి, సున్నం తోడైతే గట్టిపడే శక్తిని పొందుతుంది. 1862లో జర్మనీలో ఎమిల్ లాంగెన్ ఈ విశేషాన్ని కనుగొన్నాడు. ఇందులో మరొక లాభమున్నది. సిమెంటు మిల్లులో క్లింకరు తయారు కావాలంటే సున్నపురాయిని సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చాలి. అప్పుడు అందులోని బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. లోహమలంలోని సున్నం మాత్రం ఫర్నేసులోనే ఆ వాయువును వదిలి వస్తుంది. అంటే ఒకసారి కాలిన రాయిని మళ్ళీ కాల్చనక్కరలేదు.

భిలాయికి ఆనుకొని ఉన్న జాముల్‌లో 1965లో ఏ.సీ.సీ. సంస్థ సిమెంటు కర్మాగారం నెలకొల్పింది. సున్నపురాయి ఆ నేలలోనే ఉన్నది, రేణులోహమలం పక్కనే దొరికింది. ప్రభుత్వరంగ ఉక్కు సంస్థకు, ప్రైవేటు సిమెంటు సంస్థకు ఈ విధంగా పొత్తు కుదిరింది. పోర్ట్‌లాండ్ లోహమల సిమెంటుకు 1953లోనే భారతీయ ప్రమాణం ఏర్పడి ఉండడం ఇందుకు తోడ్పడింది. 1989 నాటి ప్రమాణం ఆ సిమెంటులో లోహమలం 25 నుంచి 65 శాతం వరకు ఉండవచ్చునన్నది. ప్రమాణపత్రం లేకుంటే ఏ ఇంజనీరూ దానితో వంతెన కట్టడానికి సాహసించడు. కార్యాలయపు కాగితానికి ఉన్న ఈ శక్తిని చరిత్రకారులు తరచు విస్మరిస్తారు.

అయితే తొలి ఫర్నేసుల రూపకల్పనలో ఇనుమే ప్రధానం. లోహమలాన్ని లాడిల్ బండ్లలో పట్టాలమీద దూరంగా తరలించవలసి వచ్చేది. రేణువులు కానిది గుట్టకు చేరేది. విశాఖపట్నం కర్మాగారం రూపొందేనాటికి దృష్టి మారింది. 1990లో వెలిగిన అక్కడి తొలి ఫర్నేసు వద్ద లోహమలాన్ని అక్కడికక్కడే రేణువులు చేసే ఏర్పాటు మొదటినుంచీ ఉన్నది. 2018 ఫిబ్రవరిలో భిలాయిలో వెలిగిన ఎనిమిదవ ఫర్నేసు ‘మహామాయ’ వద్ద కూడా అదే పద్ధతి అమలుచేశారు. తర్వాత సవరించుకోవడం కంటే నక్షా దశలోనే ఆలోచించడం ఎంత చవకో ఈ రెండు ఊళ్ళ అనుభవం చెబుతున్నది.

ఈ వినిమయంలో టన్నుల లెక్క కుదిరినంత సులువుగా మనుషుల లెక్క కుదరలేదు. గనులలోనూ, చుట్టుపక్కల పరిశ్రమలలోనూ ఎత్తిపోత పనులు కాంట్రాక్టు కూలీలవి. 1977 నుంచి దల్లీ-రాజహరా గని కార్మికులను సంఘటితపరచిన శంకర్ గుహా నియోగి, 1990లో భిలాయి పారిశ్రామికవాడ కార్మికుల వైపు మళ్ళారు. స్థిరమైన ఉద్యోగం, బ్రతకదగిన వేతనం వారి కోర్కెలు. 1991 సెప్టెంబరు 28న ఆయన భిలాయిలో నిద్రలో ఉండగా హత్యకు గురయ్యారు. వ్యర్థాన్ని తగ్గించిన కథలో ఈ అధ్యాయాన్ని వదిలివేయడం న్యాయం కాదు.

2007లో ‘సెయిల్’ సంస్థే జేపీ సంస్థతో కలిసి భిలాయి జేపీ సిమెంటును స్థాపించింది. సత్నాలో క్లింకరు తయారుచేసి, భిలాయిలో లోహమలంతో కలిపి నూరడం దాని పథకం. భాగస్వామ్యం పేపరుమీద అందంగానే ఉన్నది. కాని మాతృసంస్థ జైప్రకాశ్ అసోసియేట్స్ 2024లో దివాలా ప్రక్రియకు వెళ్ళింది. డెన్మార్క్‌లోని కలున్‌బోర్గ్‌లో విద్యుత్కేంద్రం, చమురుశుద్ధి కర్మాగారం, జిప్సం పలకల మిల్లు 1970ల నుంచి ఒకరి వ్యర్థాన్ని మరొకరు వాడుకోవడం ప్రపంచమంతా మెచ్చిన ఉదాహరణ. అక్కడ ఆధారాలు అనేకం. ఇక్కడ ఒకటి రెండే.

ఉక్కు కన్వర్టరునుంచి వచ్చే లోహమలం తీరు వేరు. అందులో కలవని సున్నం ఉంటుంది. తేమ తగిలితే ఉబ్బి, పైనున్న కట్టడాన్ని పగలగొడుతుంది. 2016లో సవరించిన కంకర ప్రమాణం దీనికి కొంత దారి తెరిచింది. 2022లో సూరత్ దగ్గర హజీరాలో దానితో ఆరు వరుసల రోడ్డు వేశారు. దానిని వాడేముందు ఎండకూ వానకూ వదిలి, లేదా ఆవిరి పట్టించి, సున్నం శాంతించేదాకా ఆగవలసి ఉంటుంది. మండూరానికి నూరేళ్ళు, దీనికి కొన్ని నెలలు.