బండి కొట్టంలో అరలు, అటక: ఏర్పాటు చేయు విధానం

తమిళంలో ‘పరణ్’ అనబడునదే మన తెలుగు ఇండ్లలోని అటక. పూర్వం విత్తనాల కుండలు, ఇత్తడి బిందెలు, పండుగ సామాను దానిపైననే ఉండెడివి. గుండారు ఒడ్డునున్న తిరుచ్చులిలోను, చుట్టుప్రక్కల పల్లెలలోను నేడు ఎడ్లబండి నిలిచిన కొట్టంలో మోటారు సైకిలు నిలుచుచున్నది. దాని చుట్టూ ఎరువు బస్తాలు, మందు పిచికారీ యంత్రం, పురుగు మందు సీసాలు, పిల్లల సైకిళ్లు చేరుచున్నవి. అరలు లేనిచో ఇవన్నియు ఒకే మూలలో కలిసిపోవును. అపాయం అక్కడనే మొదలగును.

మొదట కొలతలు

సామానును మూడు కుప్పలుగా విడదీయవలెను: దినదినం వాడునవి, నెలకొకసారి వాడునవి, ఏడాదికొకసారి వాడునవి. పిమ్మట బండిని దాని చోట నిలిపి చుట్టూ సుద్దతో గీత గీయవలెను. మోటారు సైకిలు పొడవు సుమారు 2 మీటర్లు. దాని ప్రక్కన మనిషి నడచుటకు 3 అడుగులు విడిచిన తరువాత మిగిలిన గోడయే అరలకు తగినది.

బరువైనవి క్రింద, చేతికి అందవలసినవి నడుము నుండి కంటి ఎత్తు వరకు, తేలికైనవి పైన అనునది ముఖ్య సూత్రం. యూరియా బస్తా 45 కిలోలు, డి.ఏ.పి. బస్తా 50 కిలోలు. వీటిని అటకపైకి ఎక్కించరాదు. నేలకు అరడుగు ఎత్తున చెక్క పలకలు పరచి, గోడకు ఒక అడుగు ఎడంగా పేర్చినచో తేమ తగలదు.

ఏ అర మేలు?

కడప జిల్లా నల్ల సున్నపురాతి బండ మన ప్రాంతమంతటా అరలకు వాడుకలో ఉన్నది. దానికి చెద పట్టదు, తుప్పు పట్టదు. అయితే 3 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, అంగుళం మందం గల బండ ఒక్కటే సుమారు 28 కిలోలు తూగును. బరువు మించినచో అది వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా విరుగును. కావున రెండు కొనలును గోడలో 3 లేక 4 అంగుళాలు దిగియుండవలెను. 3 అడుగులకు మించిన పొడవున నడుమ ఆధారం పెట్టవలెను. ఇనుప యాంగిళ్ల స్టాండు తేలికైనది, కదల్చుటకు వీలైనది. దానిని పైభాగమున గోడకు బిగించనిచో పిల్లలు ఎక్కినప్పుడు ముందుకు ఒరుగును.

అటక

అటక అడుగుభాగం నేలకు 7 అడుగుల ఎత్తున, వెడల్పు 2 అడుగులకు మించకుండ ఉండుట మంచిది. అంతకు మించినచో వెనుకనున్న వస్తువు చేతికందదు. మనుషులు నిలుచు చోట గాక, బండి ముందు చక్రం వైపు గోడకు కట్టవలెను. అంచున 3 అంగుళాల అడ్డుపట్టీ ఉండవలెను.

మా బంధువుల ఇంట బ్రాకెట్ల మేకులు ఇటుకలోనికి దిగక గారపూతలోనే నిలిచినవి. పిల్లవాడు సైకిలు తీసుకొని వెళ్లిన కొద్దిసేపటికే అటక కూలినది. బోల్టు పూతను దాటి గట్టి ఇటుకలోనికి గాని, కాంక్రీటులోనికి గాని దిగవలెను. మన కరిసల్ నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొనును. అందువలన గోడలు బీటలు వారుట కలదు. బీటవారిన చోట ఏ బరువును వ్రేలాడదీయరాదు. రేకుల కప్పు దూలాలకు సామాను కట్టుట కూడ తగదు.

పైన ఉంచకూడనివి

రేకు క్రింద వేడి మిక్కుటం. విత్తనాలు మొలకెత్తు శక్తిని కోల్పోవును. కావున అక్కడ ఉంచరాదు. పెట్రోలు, గ్యాసు సిలిండరు కొట్టంలోనే వద్దు. వాటి ఆవిరి గాలి కంటె బరువైనది. నేలపై ప్రాకి నిప్పురవ్వను అందుకొనును. బ్లీచింగు పొడిని యాసిడ్ సీసా దగ్గర ఉంచరాదు. అవి కలిసినచో విషవాయువు పుట్టును.

పురుగు మందులకు తాళముగల ప్రత్యేక పెట్టె అవసరం. అందులో పొడులు పై అరలో, ద్రవాలు క్రింది అరలో ఉండవలెను. ద్రవం కారినను పొడిపై పడదు. డబ్బాపై ఎరుపు గుర్తు అత్యంత విషమును తెలుపును. తరువాతి వరుస పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ గుర్తు ఉన్నను అది విషమే. మందును ఎన్నడును కూల్‌డ్రింకు సీసాలో పోయరాదు. పిల్లలు పొరపాటున త్రాగినచో వాంతి చేయించక, ఆ డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్లవలెను, అంబులెన్సుకు 108.

ఐప్పసి వానలకు ముందు ఏటా ఒకసారి బోల్టులు, బీటలు, చెద చూచుకొనవలెను. ఒక పూట శ్రమతో ఏడాది నిశ్చింత కలుగును.