ఇండెక్స్ ఉంది, తిప్పేవాళ్లే లేరు: పుత్తూరు ఈసీ నుంచి డేటాబేస్ దాకా

పుత్తూరు అనగానే ఏం గుర్తొస్తుంది? ఎముకల కట్టే కదా. ఈ ఎపిసోడ్‌లో విరిగేది మాత్రం ఎముక కాదు. నిన్నటిదాకా సెకనులో వచ్చిన రిపోర్టు, సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు పది నిమిషాలు తిరుగుతా ఉంటుంది. డేటా అదే, సర్వర్ అదే, ఇండెక్స్ కూడా అక్కడే ఉంది. మరి ఏం విరిగింది?

ఇండెక్స్ కథ కంప్యూటర్‌తో మొదలవ్వలేదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. ఆ చట్టం ప్రకారం ఆస్తి దస్తావేజులకు ఇండెక్స్-1లో మనుషుల పేర్లు రాస్తారు, ఇండెక్స్-2లో ఆస్తి వివరాలు రాస్తారు. పుత్తూరులో ఒక రైతు పొలం మీద బ్యాంకు లోన్‌కి వెళ్తే, ముందు ఈసీ తెమ్మంటారు. అంటే ఆ పొలం అమ్మారా, తాకట్టు పెట్టారా అనే లెక్క. పాతరోజుల్లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఏళ్లకేళ్ల ఇండెక్స్ పుస్తకాలు చేత్తో తిప్పి చూసేవాళ్లు. ఒక్క ఈసీకి రోజులు పట్టేది. ఈలోపు విత్తనాల అదును దాటిపోతే? ఆ నష్టం రైతుదే.

1998 నవంబర్ 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 214 రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో ‘కార్డ్’ అనే కంప్యూటర్ వ్యవస్థ మొదలైంది. రోజుల పని నిమిషాల్లోకి వచ్చింది. పుస్తకం తిప్పే పని మెషిన్‌కి అప్పజెప్పాం అన్నమాట.

మరి మెషిన్ ఎలా తిప్పుతుంది? డేటాబేస్‌లలో ఎక్కువగా వాడే ఇండెక్స్ పేరు బీ-ట్రీ. బోయింగ్ కంపెనీలో పనిచేస్తున్నప్పుడు రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ 1970 ప్రాంతంలో దీన్ని తయారుచేశారు. లక్షల వరసలున్నా నాలుగైదు అడుగుల్లో కావాల్సిన చోటికి చేరుస్తుంది.

కానీ ఇండెక్స్ ఉన్నంత మాత్రాన వాడాలని లేదు. వాడాలా వద్దా అని తేల్చేది ఆప్టిమైజర్. 1979లో ఐబీఎంకి చెందిన ప్యాట్రీషియా సెలింజర్ బృందం దీనికి దారి చూపింది: ప్రతి దారికీ ఖర్చు లెక్కేసి, తక్కువ ఖర్చు దారినే పట్టుకోవడం. ఒక్క సర్వే నంబర్ కావాలంటే ఇండెక్స్ మేలు. మండలం మొత్తం కావాలంటే పుస్తకం మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోవడమే మేలు. ఈ లెక్కకి టేబుల్‌లో ఏ విలువ ఎన్నిసార్లుందో తెలియాలి. దాన్నే స్టాటిస్టిక్స్ అంటారు.

ఇప్పుడు అప్‌గ్రేడ్ దగ్గరికొద్దాం. ఇరవై ఏళ్ల అనుభవమున్న గుమస్తా రిటైర్ అయ్యాడనుకోండి. పుస్తకాలన్నీ బీరువాలోనే ఉన్నాయి. కానీ ఏ ఊరి దస్తావేజులు ఎన్ని ఉంటాయో కొత్తాయనకి తెలియదు. తెలియక మొదటి పేజీ నుంచి మొదలుపెడతాడు. పోస్ట్‌గ్రెస్‌లో అచ్చం ఇదే జరిగేది. ‘పీజీ అప్‌గ్రేడ్’తో కొత్త వెర్షన్‌కి మారితే డేటా వచ్చేది, ఇండెక్స్‌లు వచ్చేవి, ఆప్టిమైజర్‌కి కావాల్సిన స్టాటిస్టిక్స్ మాత్రం వచ్చేవి కావు. ‘అనలైజ్’ నడిపితేనే మళ్లీ దారిలో పడేది. 2025లో వచ్చిన 18వ వెర్షన్ నుంచే అవి చాలావరకు వెంట వస్తున్నాయి. ఒరాకిల్‌లో ఇంకో రకం: 10జీ వెర్షన్‌తో పాత రూల్స్ ఆప్టిమైజర్‌కి సపోర్ట్ ఆపేశారు. దాన్ని నమ్ముకున్న క్వెరీల దారులు మారిపోయాయి.

ఇక్కడే అసలు ప్రమాదం. నెమ్మదించింది కదా అని కంగారుపడి, “వాడని ఇండెక్స్‌లు పీకేద్దాం” అంటారు కొందరు. నిజమే, వాడని ఇండెక్స్ బరువే. కొత్త వరస చేరిన ప్రతిసారీ దాన్నీ దిద్దాలి. కానీ అప్‌గ్రేడ్ తర్వాత ఇండెక్స్ ఎన్నిసార్లు వాడారో చెప్పే లెక్క కూడా సున్నా నుంచి మొదలవుతుంది. సున్నా చూసి పనికిరానిదని తీసేస్తే, నెలాఖరు రిపోర్టుకి అదే దిక్కు అయ్యుండొచ్చు! అందుకే ఒరాకిల్ 11జీలో, తర్వాత మైఎస్‌క్యూఎల్ 8.0లో ఇన్విజిబుల్ ఇండెక్స్ తెచ్చారు. తీసేయకుండా, ముందు ఆప్టిమైజర్ కంటికి కనబడకుండా దాచి చూడొచ్చు. తేడా కొడితే వెంటనే వెనక్కి తెచ్చుకోవచ్చు.

కాబట్టి మీరు ఎక్కడ పనిచేసినా వరస ఇది: ముందు ‘ఎక్స్‌ప్లెయిన్’ పెట్టి ఏ దారిలో పోతోందో చూడండి. తర్వాత స్టాటిస్టిక్స్ తాజా చేయండి. ఇండెక్స్ తీసేసే మాట చిట్టచివర్న, అదీ కనీసం ఒక నెలాఖరు దాటాకే. ఎందుకంటే స్క్రీన్ అవతల తిరిగే ఆ చక్రానికి ఇవతల, పాస్‌బుక్ చేతిలో పట్టుకుని ఎవరో నిలబడి ఉంటారు.

పుత్తూరులో కట్టు కట్టేవాళ్లు కూడా ముందు తడిమి చూస్తారు, ఎక్కడ విరిగిందో తెలుసుకున్నాకే కడతారు. మనమూ అంతే చేద్దాం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా!