రాజీనామాకి ముందు ఇరవయ్యేళ్ళు

వారాంతాల్లో ఫిల్మ్ కెమెరా పట్టుకు తిరగడం, నచ్చిన ఫొటోలకి ప్రింట్లు వేయించి ఆన్‌లైన్‌లో అమ్మడం నా సరదా. నెలకి రెండు మూడు అమ్ముడైతే ఫిల్ము ఖర్చు గిట్టుబాటవుతుంది, అంతే. "ఉద్యోగం మానేసి ఇదే చేసుకోవచ్చుగా?" అని ఆఫీసులో అడుగుతుంటారు. అప్పుడల్లా నాకు లాలా దీన్‌దయాళ్ గుర్తొస్తాడు.

ఆయనా ఇంజనీరే! 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో చదివి, 1866లో ఇండోర్ పబ్లిక్ వర్క్స్ ఆఫీసులో చేరాడు. అంచనాలు వెయ్యడం, డ్రాయింగులు గియ్యడం ఆయన పని. ఫొటోలు పక్క సరదా. అప్పట్లో నెగెటివ్ అంటే గాజు పలక. తెల్లసొన పూసి తయారుచేసిన కాగితాన్ని దానికి ఆనించి ఎండలో పెడితే ప్రింటు వచ్చేది. ఇండోర్ మహారాజు, తెల్లదొరలు మెచ్చుకున్నా ఆయన తొందరపడలేదు. ఉద్యోగం వదిలింది 1880ల మధ్యలో, అంటే దాదాపు ఇరవయ్యేళ్ళకి. తర్వాత ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యాడు, మన సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు.

ఆ కొలువులో రాజుగారి వేటలు, విందులు, కవాతులు ఎక్కువ. అడిగినవాళ్ళకి అడిగింది తియ్యాలి కదా! నాకు మాత్రం ఆయన తీసిన గ్వాలియర్, సాంచి, ఖజురహో ఫొటోలే ఇష్టం. అవి ఉద్యోగం రోజుల్లోవి.

నెలాఖరుకి జీతం పడుతోంది కాబట్టే, ఎవరూ కొనని పాత మెట్లబావి మీద కూడా ఒక రోలంతా ఖర్చుపెట్టగలుగుతున్నాను. ఇరవయ్యేళ్ళు కానివ్వండి, రాజీనామా సంగతి అప్పుడు చూద్దాం :)